ఎదురెదురు పేజీలు

"నాకు సదువు రాకపాయె. కండ్లు సుత పోయినయనుకున్నవా?"

సమ్మవ్వ చేతిలోని వారపత్రికను వాకిట్లోకి విసిరికొట్టింది. అది నల్లా పక్కన తడి నేల మీద పడి గాలికి తెరుచుకుంది. పైట జారిన ఆడమనిషి బొమ్మ, ఆమె వెనక నీలం బల్బు వెలుగులో పూలు చల్లిన మంచం.

"మెత్త కింద దాచి సదివేటిది దేవుని కథనా? బొమ్మ చూస్తె తెలుస్తలేదా అది ఏం పొత్తమో!"

"అత్తా, మెల్లగ మాట్లాడు. గోడకవతల హాజిరక్క ఇంటది," అంది అనసూర్య పొయ్యి ముందు నుంచి లేచి.

"ఇననీ! ఆమె ఇంట్లకెల్లే గద వచ్చింది గీ దరిద్రం."

కోడలే కాదు, అనసూర్య ఆమెకు సొంత అన్న కూతురు. చిన్నప్పుడు ఎత్తుకు తిరిగిన పిల్ల. అందుకే సమ్మవ్వ కోపంలో కొంత సిగ్గు కూడా ఉంది. తన పుట్టింటి పరువే ఆ తడి నేల మీద పడి ముద్దయినట్టు అనిపించింది ఆమెకు.

అప్పుడే గేటు చప్పుడైంది. రాత్రి షిఫ్టు దిగి రాజం వస్తున్నాడు. గని దగ్గరే స్నానం చేసి వచ్చినా కనురెప్పల అంచున బొగ్గు కాటుకలా మిగిలిపోయింది. ఆదివారం. ఇక రేపు రాత్రిదాకా డ్యూటీ లేదు.

అత్తాకోడళ్ళిద్దరూ ఒక్కసారే మాట ఆపేశారు.

"ఏమైంది?" అన్నాడు రాజం.

"నీ పెండ్లాన్నే అడుగు," అంది సమ్మవ్వ. "గీ మల్లెపూలు, గీ పౌడరు, గీ బొమ్మల పొత్తం ఎవలికోసమో అడుగు. నువ్వు బయట వరండాల పండుకుంటివి. ఇదేమో లోపట సింగారిచ్చుకొని కూసుండబట్టె."

ఆ మాట ఇద్దరికీ ఒకేచోట తగిలింది.

అనసూర్య తల దించుకుంది. దసరా ముందర గనిలో బండ కూలి, రాజంతో జోడీగా పనిచేసే మొగిలి చచ్చిపోయాడు. ఆ తర్వాత కొద్ది రోజులకే రాజం వరండాలో నులకమంచం వాల్చుకున్నాడు. చలికాలమంతా గొంగడి కప్పుకుని అక్కడే పడుకున్నాడు. శివరాత్రి కూడా వెళ్ళిపోయింది. ఇన్నాళ్ళూ ఈ సంగతి ముగ్గురికీ తెలుసు. ఇంతవరకూ ఎవరూ పైకి అనలేదు.

రాజం వంగి పత్రిక తీశాడు. లుంగీ అంచుతో బురద తుడిచాడు. పొయ్యిలో పడేస్తాడని తల్లి, మొఖాన కొడతాడని భార్య ఎదురుచూశారు. అతను తడిసిన పేజీని జాగ్రత్తగా విడదీసి చూశాడు. ఎడమ పేజీ కాదు, కుడి పేజీ. ఏదో చదివి, మడిచి, చంకలో పెట్టుకున్నాడు.

"ఏందిరా, పొయ్యిల పెట్టకుండ దాసుకుంటున్నవ్?"

"నిద్రొస్తున్నదవ్వా. ఊకో."

"బువ్వ తినవా బావా?" అంది అనసూర్య.

వరండాలో మంచం కిర్రుమంది. మొఖం మీదికి తువ్వాల లాక్కున్నాడు. అంత వెలుతురులో, అంత చప్పుడులో, మూడడుగుల దూరంలో ఉన్న మనిషి కోసం అనసూర్య ప్రాణం కొట్టుకుపోయింది. ఆ తువ్వాల పక్కకు తీసి, కనురెప్పల మీది బొగ్గు తుడవాలనిపించింది.

*

"తౌబా! నేను ఇచ్చిన పుస్తకానికి నీకు మాటలు పడ్డయా?"

హాజిరా కుట్టుమిషను ఆపింది. ఆమె భర్త సర్వర్, గని వర్క్‌షాపులో మెకానిక్కు. చౌరస్తాలో అద్దె పుస్తకాల షాపు నుంచి వారం వారం పత్రికలు తెచ్చిస్తాడు. హాజిరా చదివాక అవి గోడ దాటి అనసూర్యకు వస్తాయి. ఇంట్లో దక్కనీ మాట్లాడినా, సర్కారు బడిలో నేర్చిన తెలుగును ఆమె గడగడా చదువుతుంది.

"మాటలు పడ్డందుకు కాదక్కా," అంది అనసూర్య. కింద కూర్చుని తెగిన జాకెట్టు ముక్కలు ఏరుతోంది. "అండ్ల రాసినట్టు అన్నీ చేసిన. ఏదీ పారలే."

"ఏం రాసిండ్రు?"

అనసూర్యకు ఆ పేజీ కంఠస్థం. 'సంసార సందేహాలు' అని ఆ శీర్షిక. పేరు లేని ఒక సోదరి అడిగింది, మావారు నన్ను దగ్గరికి తీయడం లేదని. డాక్టరుగారు ఇట్లా జవాబిచ్చాడు: భర్తకు ఆసక్తి తగ్గిందంటే లోపం మీలోనే ఉందేమో ఆలోచించుకోండి. సాయంత్రం ఆయన వచ్చేసరికి స్నానం చేసి, తెల్లచీర కట్టి, మల్లెలు తురుముకుని చిరునవ్వుతో ఎదురు వెళ్ళండి. ఇంటి బాధలు చెప్పకండి. పడకగదిలో నీలిరంగు బల్బు, సన్నని సంగీతం ఉంటే మంచిది. వీలైతే నాలుగు రోజులు చల్లని కొండ ప్రదేశానికి వెళ్ళి రండి.

ఆమె చెబుతుంటే హాజిరాకు నవ్వు ఆగలేదు.

"సాయంత్రం వచ్చేసరికి అంట! మన మొగోళ్ళు తెల్లారి వస్తరు, మాపటికి పోతరు. గా డాక్టర్ సాబ్ మన క్వార్టర్ల ఒక్కదినం పండుకోవాలె. ఉన్నయి రెండు అర్రలు. ముంగటర్రల అత్తమ్మ దగ్గు. గదే సంగీతం! ఇగ నీలం బల్బు ఎక్కడ పెడతవ్, అత్తమ్మ నెత్తి మీదనా?"

అనసూర్య కూడా నవ్వింది. నవ్వుతూనే కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"నవ్వకక్కా. తెల్లచీర కట్టుకున్ననాడు ఏమన్నడో ఎరుకనా? 'ఎటు పోతున్నవ్' అన్నడు. ఎటు పోతనక్కా నేను? ఆయన కోసమే కట్టుకున్న. అద్దంల చూసుకుంటె నాకే భయమైతున్నది. నా మొఖంల ఏం పాడైందో, నా ఒంట్ల ఏం వాసనొస్తున్నదో."

హాజిరా నవ్వు ఆపేసింది.

"చూడు అనసూర్యా. గా పుస్తకం అంత పాడుది కాదు. నా నిఖా అయిననాడు నాకు మా అమ్మీ ఒక్కమాట చెప్పలే. ఏడ్చుకుంట పోయిన, భయపడుకుంట ఉన్న. ఒంట్ల ఏముంటదో, బిడ్డకు బిడ్డకు నడుమ ఎడం ఎట్ల పెట్టుకోవాలెనో గీ పత్రికలు చదివే తెలుసుకున్న. ఇంకెవలు చెప్తరు మనకు? గందుకే చదువుత. కానీ రాజమన్న మనసుల ఏమున్నదో గా డాక్టర్‌కు ఏం ఎరుక? నువ్వు అడిగినవా ఆయనను?"

"ఏమని అడుగుత? ఆడిదాన్ని."

"గదే. ఎవలో డాక్టర్ జవాబు కంఠపాఠం చేసినవ్. పక్కనున్న మొగన్ని మాత్రం అడగలే."

అనసూర్య ఏరిన ముక్కలు ఒళ్ళో పెట్టుకుంది. తర్వాత నెమ్మదిగా అంది: "ఇయ్యాల ఆయన పుస్తకం పారెయ్యలే అక్కా. ఏదో చదివి దాచుకున్నడు. కుడిదిక్కు పేజీ."

హాజిరా లేచి, అటక మీది నుంచి అంతకుముందు వారం పత్రిక దించింది. అదే శీర్షిక తీసింది. కుడి పేజీ నిండా వారం వారం వచ్చే ప్రకటన. ఆ పేజీని అనసూర్య ఇన్నాళ్ళూ చదవకుండా తిప్పేస్తూ వచ్చింది. ఎవరో చెడ్డ మగవాళ్ళ గురించి అనుకుంది. ఇప్పుడు హాజిరా గొంతు తగ్గించి చదివింది.

"పురుషులారా! యవ్వనంలో చేసిన పొరపాట్లకు నరాలు చచ్చుబడి, భార్య ముందు తలవంచుకుంటున్నారా? ఒక్క చుక్క నష్టం నూరు చుక్కల రక్తంతో సమానం. వైద్యం చేయించుకోని వారి సంసారాలు కూలిపోతాయి. భార్యలు దారి తప్పుతారు. రహస్య చికిత్స. ప్రతి నెల రెండో ఆదివారం మంచిర్యాలలో, బస్టాండ్ ఎదుటి లాడ్జిలో..."

హాజిరా ఆగిపోయింది. ఇద్దరూ ఒకరి మొఖం ఒకరు చూసుకున్నారు.

"అక్కా, ఇయ్యాల రెండో ఆదివారమే గద?"

*

నులకమంచం ఖాళీగా ఉంది. తువ్వాల దండెం మీద ఉంది. దండెం మీది ఇస్త్రీ అంగీ లేదు.

సమ్మవ్వ గడపలో కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది.

"ఎటు పోయిండు అత్తా?"

"మంచిర్యాల పోయొస్త అన్నడు. పనున్నదట. కోపం పోలేదనుకున్న, అడగలే."

"అత్తా..." అనసూర్య గడప దగ్గరికి వచ్చింది. అంతా చెప్పింది. లాడ్జి గురించి, ఆ ప్రకటన గురించి. ఇంతవరకు అత్తతో ఎన్నడూ మాట్లాడని మాటలు గడప మీద నిలబడి మాట్లాడింది. "ఆయన తనకే ఏదో రోగమనుకుంటున్నడు. నేను నాదే తప్పనుకుంటున్న. గా లాడ్జిల ఏం మందులు పోస్తరో, ఏం సూదులేస్తరో!"

సమ్మవ్వ చేతిలోని చాట ఆగిపోయింది. బూతుపొత్తమని ఇందాక అరిచిన మనిషి, కోడలి మొఖంలోకి చూడలేక బియ్యంలోకి చూసింది.

"మీ మామకు సుత గట్లనే అయింది," అంది.

అనసూర్య విననట్టే నిలబడింది.

"నడుము మీద బొగ్గుపెళ్ళ పడ్డది. దవాఖానల పెట్టిండ్రు, బాగైంది. ఇంటికొచ్చిండు గని నా దిక్కు మర్లి పండుకోలే. ఒక ఏడాది. ఏదో ఆడిది ఉన్నదనుకున్న. లొల్లి చేసిన, తిట్టిన, పుట్టింటికి పోయిన. మీ నాయిన తోలుకొచ్చి దించిండు." ఆమె ఒక రాయి ఏరి దూరంగా విసిరింది. "లొల్లి చేసుడు వేరు బిడ్డా, అడుగుడు వేరు. నేను అడగలే. ఏమైందయ్యా నీకు అని ఒక్కనాడు అడగలే. తర్వాత ఆయనంత ఆయనే మంచిగైండు. కానీ గా ఏడాది ఆయన ఒక్కడే ఏం గోస పడ్డడో, ఆయన పోయినంక సుత నాకు తెల్వకపాయె."

ఆమె చాట కింద పెట్టింది.

"ఇంకా గిక్కడ్నే నిలవడ్డవేంది?" అని సమ్మవ్వ ఒక్కసారి కసిరింది. "చెప్పులేసుకో. పో!"

*

మంచిర్యాల మీదుగా పోయే ఆసిఫాబాద్ బస్సు కదలబోతుండగా అనసూర్య ఎక్కింది. జనం నిలబడి ఉన్నారు. వాళ్ళను తోసుకుంటూ వెనక్కి వెళ్ళింది. కిటికీ పక్కన రాజం. అతని పక్కన ముసలాయన. ఆమె రొప్పుతూ నిలబడిన తీరు చూసి ముసలాయన ఏమీ అడక్కుండానే లేచి చోటిచ్చాడు.

"నువ్వెందుకొచ్చినవ్?" అన్నాడు రాజం. మొఖం నల్లబడింది.

"నువ్వు పోయే కాడికే."

"ఆడోళ్ళు వచ్చే జాగ కాదది."

"ఎర్కనే. లాడ్జి."

అతను కిటికీవైపు తిరిగిపోయాడు. చెవులు ఎర్రబడ్డాయి. బస్సు చౌరస్తా దాటింది. బొగ్గు లారీల వెనక దుమ్ములో మెల్లగా సాగింది. ఇరుకు సీటు. కుదుపు వచ్చినప్పుడల్లా అతని భుజం ఆమె భుజానికి తాకుతోంది. చలికాలం మొదలు ఇంతవరకూ ఆ మాత్రం తాకిడి కూడా లేదు. ఆమె ఊపిరి బిగబట్టి కూర్చుంది, కదిలితే అది కూడా పోతుందేమో అన్నట్టు.

ఇంజను హోరులో వాళ్ళ మాటలు వాళ్ళకే వినిపించేటట్టున్నాయి.

"నాదే తప్పనుకున్న బావా," అంది. "నేను మంచిగ లేనని, నీకు నా మీద మనసు పోయిందని. పత్రికల గట్లనే రాసిండ్రు. గందుకే పూలు పెట్టుకున్న, చీర కట్టుకున్న."

రాజం తిరిగి చూశాడు. "నీ తప్పా? నీకేమైంది?"

"మరి?"

"నాకు సుత జవాబు పత్రికలనే దొరికింది," అన్నాడు కష్టంగా. "గనిల టిఫిన్ కాడ అందరు సదువుతరు. చిన్నతనంల చేసిన తప్పులకు నరాలు చస్తయని. అసుంటోని పెండ్లాం వేరే దారి పడ్తదని. నువ్వు తెల్లచీర కట్టుకున్ననాడు నాకు గదే యాదికొచ్చింది. ఎటు పోతున్నవ్ అన్న." అతను ముందు సీటు చువ్వ పట్టుకున్నాడు. "అన్నంక వరండాల పండుకొని ఏడ్చిన."

ఆమెకు కోపం వచ్చింది. ఏడుపు వచ్చింది. తనను అట్లా అనుకున్నాడా! వేరే దారి. నెలల తరబడి అతని అడుగు చప్పుడు తప్ప ఇంకోటి వినని తనను! కొంగుతో కళ్ళు తుడుచుకుంది. బస్సు గోదావరి వంతెన ఎక్కింది. కింద ఇసుక మేటలు, వాటి మధ్య సన్నని నీటిపాయ.

కోపం కంటే పెద్దది ఏదో ఆమె చేత అడిగించింది.

"ఏమైంది బావా నీకు? ఎప్పటిసంది?"

ఇన్నాళ్ళకు పడిన ఆ ప్రశ్న చాలా చిన్నగా ఉంది. రాజం నదినే చూస్తున్నాడు.

"మొగిలి పోయినప్పటిసంది."

వినపడేటట్టు ఆమె ఇంకా దగ్గరికి వంగింది.

"బండ పడ్డంక నెత్తి లైటు ఆరిపోయింది. ఏం కనవడలే. ఆయన నా పక్కనే ఉన్నడు, నడుముదాక బండ కిందున్నడు. చీకట్ల చెయ్యి చాపి నా చెయ్యి పట్టుకున్నడు. గట్టిగ. మనోళ్ళు వస్తున్నరు మొగిలన్నా, జర ఓపిక పట్టు అనుకుంట నేను మాట్లాడుతనే ఉన్న. జవాబు చెప్పుకుంట ఉన్నడు. తర్వాత చెప్పలే. చెయ్యి మాత్రం ఇడువలే. మెల్లగ చల్లగైంది. లైట్లు తెచ్చి ఊడదీసేదాక గట్లనే ఉన్న."

పక్కన నిలబడినవాళ్ళు ఏదో ధర గురించి గట్టిగా వాదించుకుంటున్నారు.

"ఇంట్ల లైటు తీసేసినంక నువ్వు నా మీద చెయ్యి ఏస్తవ్ సూడు... నాకు గా చెయ్యే అనిపిస్తది. ఊపిరాడది. ఒళ్ళు బిగుసుకుపోతది. నువ్వే, నీ చెయ్యే అని తెలుసు. తెల్సి కూడా లేచి బయటికి ఉరుకుత. నీకెట్ల చెప్పాలె? నీ చెయ్యి పీనుగ చెయ్యి లెక్క ఉన్నదని చెప్పాల్నా?"

అనసూర్య తన అరచేతుల్ని చూసుకుంది. గాజులు, పసుపు మరకలు, పొయ్యి దగ్గర కాలిన మచ్చ. అతని చెయ్యి పట్టుకోవాలని ఎంతగా అనిపించిందో అంత భయం వేసింది. వాటిని కొంగులో దాచుకుంది.

"గా మాట లాడ్జి డాక్టరుకు చెప్తవా?"

"గదెందుకు? అది రోగం కాదు గద."

"గదే రోగమైతే?"

రాజం నుదురు కిటికీ చువ్వకు ఆనించాడు. రాత్రంతా షిఫ్టు చేసిన మనిషి. శ్రీరాంపూర్ దాటేసరికి అతని తల మెల్లగా పక్కకు ఒరిగింది. అనసూర్య భుజం మీద వాలింది.

ఆమె కదల్లేదు. అతని జుట్టులో కొబ్బరినూనె వాసన, దాని కింద ఎంత కడిగినా పోని గని వాసన. ఎండ అతని మొఖం మీద పడుతోంది. నిండు వెలుతురులో, ఇంతమంది జనం మధ్యలో, తన మొగుడు తన మీద నిద్రపోతున్నాడు. దీనికోసం ఎన్ని పేజీలు చదివింది! చుట్టూ ఎవరు ఏమనుకున్నా ఆమెకు పట్టలేదు. ఈ బస్సు ఇట్లాగే ఎంత దూరమైనా పోతే బాగుండును అనుకుంది.

మంచిర్యాల వచ్చేసింది.

కిటికీలోంచి రోడ్డుకవతల లాడ్జి మెట్లు కనిపిస్తున్నాయి. మెట్ల మీద మగవాళ్ళు ఎడమెడంగా నిలబడ్డారు. ఒకరితో ఒకరికి సంబంధం లేనట్టు ఎటో చూస్తున్నారు. ఒకాయన మొఖానికి దస్తీ అడ్డం పెట్టుకున్నాడు. ఒకాయన చేతిలో పత్రిక చుట్టి ఉంది. దస్తీ పెట్టుకున్న మనిషిని ఆమె గుర్తుపట్టింది. తమ కాలనీలోని పోశం. ముగ్గురు పిల్లల తండ్రి, బజార్లో గట్టిగా నవ్వే మనిషి. ఆయన కూడా ఎవరినీ అడగలేదు కాబోలు. ఆయన భార్య కూడా.

"మంచిర్యాల! దిగేటోళ్ళు జల్ది దిగుండ్రి!"

లేపాలి. చేత్తో తట్టడానికి ఆమెకు ధైర్యం చాలలేదు.

"బావా," అని పిలిచింది. "మంచిర్యాల."

పలకలేదు. కానీ నిద్రపోవడం లేదని ఆమెకు తెలిసిపోయింది. ఊపిరి మారింది. రాజం కళ్ళు తెరిచి, తల ఎత్తకుండానే, ఆమె ఒళ్ళో కొంగులో ముడుచుకున్న చేతుల్ని చూశాడు. కొంగు పక్కకు తీశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత, చూస్తూనే, ఆమె చెయ్యి పట్టుకున్నాడు. అతని నుదుటి మీద చెమట పట్టింది.

"ఇడిచిపెట్టనా?" అంది ఆమె.

"జర సేపు ఉండనీ."

అటు లాడ్జి తలుపు తెరుచుకుంది. ఎవరో లోపలికి పిలుస్తున్నారు. పోశం మెట్లెక్కాడు. బస్సును స్టాండులోంచి వెనక్కి తీయడానికి డ్రైవరు హారన్ కొట్టాడు.

కండక్టరు వాళ్ళ సీటు దగ్గర ఆగాడు. "ఏమన్నా, మంచిర్యాల టిక్కెట్లేగా మీయి? దిగుతలేరా? దిగకుంటె ఇంకో టిక్కెట్ తీసుకోవాలె. ఎక్కడిదాక పోతరు?"

రాజం అనసూర్య వైపు చూశాడు. అనసూర్య లాడ్జి మెట్ల వైపు చూసింది, మళ్ళీ అతని వైపు చూసింది.

బస్సు కదిలింది.

"చెప్పుండ్రమ్మా, ఎక్కడిదాక?"

ఆమె నోరు తెరిచింది. ముందున్న ఏ ఊరి పేరూ నోటికి రాలేదు.